సరుకు వాపసు – నాడు, నేడు

నా చిన్నతనంలో ఉదయగిరి, ఆత్మకూరు బజార్లలో సరుకు వాపసుకు షావుకారు మాటే చట్టం. ఖాతా ఉంటే పద్దు కొట్టేసేవారు. రొక్కమిచ్చి కొంటే బతిమాలుకోవలసిందే. 1986లో వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక జిల్లా ఫోరాలు ఏర్పడ్డాయి. 2016లో యూపీఐ వచ్చి, చెల్లింపు ఫోనుకు మారింది.

2020 జూలై 20న అమలులోకి వచ్చిన కొత్త చట్టం ప్రకారం, లోపమున్న సరుకును బిల్లులోని గడువులోగా, గడువు రాయకుంటే 30 రోజులలోగా వాపసు తీసుకుని సొమ్మివ్వకపోవడం అక్రమ వ్యాపార పద్ధతి. కాదంటే 1915కు ఫోను చేయవచ్చు.

అయితే ఫోనులోని సందేశం సొమ్ము ఎవరికి చేరిందో చెబుతుంది గాని, ఏం కొన్నామో చెప్పదు. అందుకే నేను బిల్లు అడిగి తీసుకుంటాను. మరొక మాట: సొమ్ము మనకు రావడానికి పిన్ నంబరు కొట్టనక్కరలేదు. కొట్టమన్నారంటే మన పింఛనుకు ఎసరు పెట్టినట్లే.