శ్రీవిల్లిపుత్తూరి పెండ్లినాడు

పెండ్లినాటిని ఏటేట పండుగగా జరుపుకొనుట మన ఆచారము కాదనియు, అది పడమటి దేశముల నుండి వచ్చిన వేడుకయనియు పెద్దలు కొందరు చెప్పుచుందురు. ఆ మాటలో సగము నిజము. 25 ఏండ్లకు వెండిపండుగ, 50 ఏండ్లకు బంగారుపండుగ అనునవి యూరపులో పుట్టినవే. జర్మనీలో 25 ఏండ్లు కాపురము చేసిన ఇల్లాలికి వెండిదండను, 50 ఏండ్లు నిండినచో బంగారుదండను ఇచ్చు అలవాటు ఉండెడిదని చెప్పుదురు. మనవారు వానికి రజతోత్సవము, స్వర్ణోత్సవము అని పేర్లు పెట్టి తమవిగా చేసికొనిరి. తక్కిన సగమును మాత్రము శ్రీవిల్లిపుత్తూరును ఎరిగినవారు ఒప్పుకొనజాలరు.

దీర్ఘదాంపత్యమును కొనియాడు సందర్భములు మనకు లేకపోలేదు. ప్రభవాది 60 సంవత్సరముల చక్రము ఒకసారి తిరిగి, పుట్టిన యేటి పేరు మరల వచ్చినప్పుడు షష్టిపూర్తి చేయుదురు. 70వ యేట భీమరథశాంతి. వేయి పున్నములు చూచిన పిమ్మట, అనగా దాదాపు 81వ యేట, సహస్రచంద్రదర్శనము. మార్కండేయుని కథతో ముడిపడిన తిరుక్కడైయూరు అమృతఘటేశ్వరుని సన్నిధికి ఈ శాంతులకై దంపతులు తరచుగా వచ్చుచుందురు. వృద్ధుడైన భర్త భార్య మెడలో మరల మంగళసూత్రము కట్టును. మనుమలును, మనుమరాండ్రును అక్షతలు చల్లుదురు. చూడముచ్చటయైన వేడుకయే. కాని ఒక్క సంగతి గమనింపవలెను. ఇచ్చట లెక్కకు వచ్చునది భర్త వయస్సే గాని కాపురపు వయస్సు కాదు. ఇల్లాలికి 60 నిండిననాడు హోమమును లేదు, అక్షతలును లేవు. భర్త 58వ యేట గతించెనా, 35 ఏండ్ల కాపురమునకు గుర్తుగా ఆమెకు ఏ పండుగయు మిగులదు. దంపతులిద్దరికిని సమముగా చెందిన దినము ఒక్కటే కలదు. అది పెండ్లినాడు.

ఇండ్లలో మరచిన ఆ దినమును విల్లిపుత్తూరి కోవెలలో మరువలేదు. విష్ణుచిత్తుడు తన తోటలో తులసి మొక్కల నడుమ కనుగొని పెంచుకొన్న ఆండాళ్, మన గోదాదేవి, రంగనాథుని చేపట్టిన నాడుగా పంగుని మాసమున ఉత్తరఫల్గునీ నక్షత్రమునాడు ప్రతివత్సరము అచ్చట కల్యాణము జరుగును. వాల్మీకి రామాయణమున సీతారాముల వివాహమునకును ఈ నక్షత్రమే చెప్పబడినది. భద్రాచలములో మనము ఆ కల్యాణమును రాముడు పుట్టిన నవమినాడు జరుపుకొనుచున్నాము. అనగా వరుని పుట్టినరోజే పెండ్లిరోజైనది. విల్లిపుత్తూరిలో అట్లు కాదు. వధువు పుట్టిన ఆషాఢపు పుబ్బ నక్షత్రమునకు, తమిళులు ఆడిప్పూరము అను దినమునకు, గొప్ప రథోత్సవము వేరుగా కలదు. పెండ్లినాటి ఉత్సవము వేరుగా కలదు. పైగా ఇచ్చట వరుడే వధువు ఊరికి వచ్చి నిలిచిపోయెను. గర్భాలయమున రంగమన్నారు రాజోచితమైన వేషముతో ఆండాళ్ ప్రక్కన నిలిచియుండును. ఆయనను మోసికొని వచ్చిన గరుత్మంతుడును అచ్చటనే ఉన్నాడు. మన మాటలో చెప్పవలెనన్న స్వామి ఇల్లరికపుటల్లుడు.

ఈ పెండ్లికి మొదటి సాక్ష్యము ఒక కల. నాచ్చియార్ తిరుమొళిలోని 143 పాశురములలో పదకొండింట ఆండాళ్ తాను కన్న స్వప్నమును చెలికి చెప్పుకొన్నది. అందు పాణిగ్రహణము, అగ్నిప్రదక్షిణము, సన్నికల్లు త్రొక్కుట, పేలాలు వ్రేల్చుట మొదలగు తంతులన్నియు క్రమముగా వచ్చును. తమిళ వైష్ణవుల పెండ్లిండ్లలో నేటికిని ఆ పాశురములను పఠింతురు. ఒక కన్య కలలో జరిగిన పెండ్లికి ఊరంతయు నక్షత్రము తప్పక ఏటేట పందిరి వేయుచున్నది. నిజముగా పెండ్లాడిన మగవారిలో ఎందరికి ఆ దినము జ్ఞాపకముండునో చదువరులే చెప్పవలెను.

తెలుగువారికి ఈ ఊరు పరాయిది కాదు. 1509 నుండి 1529 వరకు ఏలిన కృష్ణదేవరాయలు కృష్ణాతీరమందలి శ్రీకాకుళములో ఆంధ్రవిష్ణువు స్వప్నమున ఆనతిచ్చినట్లు చెప్పుకొని, ఈ ఊరి కథనే ఆముక్తమాల్యదగా రచించి తిరుమల వేంకటేశ్వరునకు అంకితము చేసెను. మధుర నాయకుల కాలమున కోవిల్పట్టి, సాత్తూరు, విరుదునగరు ప్రాంతముల నల్లరేగడి నేలలకు తెలుగు కుటుంబములు ఎన్నియో తరలివచ్చినవి. ఇడైసెవల్ గ్రామములో పుట్టిన కి. రాజనారాయణన్ 1976 నాటి గోపల్ల గ్రామమను తమిళ నవలలో ఆ వలసనే కథగా చెప్పెను. తిరుమల నాయకుని పేర ఒక మహలు విల్లిపుత్తూరిలోనే కలదు.

ఇచ్చట ఒక చిత్రము జరిగినది. ఆంధ్రదేశమున వైష్ణవాలయములలో గోదాకల్యాణము ధనుర్మాసము ముగియు భోగినాడు జరుగును. ముప్పది పాశురముల తిరుప్పావై వ్రతమునకు అది ఫలము. విల్లిపుత్తూరు చుట్టునున్న తెలుగువారు మాత్రము పంగునిలోనే కల్యాణము చూచుచున్నారు. ఒకే దంపతులకు, ఒకే భాషవారి నడుమ, రెండు పెండ్లినాళ్ళు! మా ఇండ్లలోని వృద్ధులను వారి పెండ్లి ఎన్నడైనదని అడిగినచో తేదీ చెప్పలేరు. ఉత్తరమునకు ముందనియో, ఆడిప్పూరము వెళ్ళిన ఆవణిలోననియో చెప్పుదురు. తమిళనాడులో 2009 నాటి చట్టముచే వివాహముల నమోదు తప్పనిసరియైనది. అప్పటినుండి తేదీ కాగితమెక్కినది, పిల్లలకు గుర్తుంచుకొనుట సులభమైనది. అది మంచిదే. అయినను మా అభిప్రాయము, తేదీతోపాటు నక్షత్రమును కూడ వ్రాసియుంచుకొన్నచో ఇంటి పెండ్లినాడు ఊరి పండుగల వరుసలో ఇమిడియుండును. అమ్మమ్మకు వేరుగా జ్ఞాపకము చేయవలసిన పని ఉండదు.

కల్యాణమునకు తిరుమలనుండి పట్టువస్త్రము విల్లిపుత్తూరికి వచ్చును. తిరుమల బ్రహ్మోత్సవములలో గరుడసేవనాటికి తులసి, చేమంతి, సంపంగి కూర్చి కట్టి, ఆండాళ్ తాల్చి విడిచిన మాల ఇచ్చటినుండి అచ్చటికి పోవును. మధుర చిత్తిర ఉత్సవమునకు అళగరుకును అట్టి మాలయే పోవును. తండ్రి కట్టిన మాలను పెండ్లికి ముందు దొంగతనముగా తాల్చినందుకు ఆ పిల్ల చీవాట్లు తిన్నది. ఇప్పుడు అదే మాలను బుట్టలో పెట్టి, ఊరేగించి, కొండకు పంపుచున్నారు.