ఎలుకల మందు కథ

ఈ మధ్య మా హేతువాద సంఘం సమావేశం అయిపోయాక ఒక మిత్రుడు నన్ను పక్కకి పిలిచాడు. "మా బాబాయికి గుండె లయ తప్పిందని డాక్టరు వార్‌ఫరిన్ రాశాడండీ. అది ఎలుకల మందట గదా, నిజమేనా?" అన్నాడు. నిజమేనని చెప్పాను. ఆయన ముఖం వాడిపోయింది. "మరి వాడొచ్చా?" అన్నాడు. వాడాల్సిందేనని చెప్పాను. ఈ రెండు జవాబులకీ మధ్య ఉన్న సంగతి బస్టాండు దాకా నడుస్తూ చెప్పినా పూర్తి కాలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. మా అమ్మకి చిన్నప్పుడు కీళ్ళ జ్వరం వచ్చిందట. గొంతునొప్పితో మొదలై, కీళ్ళు వాచి, చివరికి గుండె కవాటాన్ని పాడుచేసే రుమాటిక్ జ్వరం అది. అరవై దాటాక ఆయాసం, దడ మొదలయ్యాయి. కవాటం సన్నబడిందనీ, గుండె పై గదులు కొట్టుకోవడం మాని వణుకుతున్నాయనీ డాక్టరు చెప్పాడు. దీన్నే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. 2004లో ఆమెకి ఈ మాత్ర రాశారు. నెలకోసారి బస్సెక్కి వెళ్ళి రక్తపరీక్ష చేయించుకోవాలి. ఎందుకో ఎవరూ వివరంగా చెప్పలేదు. చీటీ మీద రెండు లైన్లు గీకి పంపించారు.

అప్పట్లో నేను బాబాల మహిమల మీద ఊరూరా ఉపన్యాసాలు ఇస్తున్నాను. ఒక పత్రికలో చదివాను, ఈ మందు అసలు ఎలుకల్ని చంపేదని. మందుల కంపెనీల వ్యాపారం మీద నాకు ముందే అనుమానం. "ఎలుకల మందు నీకెందుకమ్మా?" అన్నాను. "నువ్వు చదువుకున్నవాడివి, నువ్వెట్లా చెబితే అట్లాగే" అంది. మానేసింది. ఏడు నెలల తర్వాత ఒక పొద్దున కాఫీ గ్లాసు ఆమె కుడిచేతిలోంచి జారిపోయింది. మళ్ళీ ఆ చెయ్యి లేవలేదు. మాట కూడా పోయింది.

ఆ తర్వాతే నేను ఈ మందు చరిత్ర చదివాను. ముందు చదవాల్సింది.

ఇది 1920లలో ఉత్తర అమెరికా పశువుల కొట్టాల్లో మొదలైన కథ. కెనడాలోనూ, అమెరికా ఉత్తర రాష్ట్రాల్లోనూ పశువులు వింతగా చనిపోవడం మొదలైంది. కొమ్ములు కోస్తే రక్తం ఆగేది కాదు. కొన్నిటికి ఏ గాయమూ లేకుండానే లోపల రక్తస్రావమయ్యేది. మన దగ్గరైతే దిష్టి తగిలిందనో, గ్రామదేవతకి కోపం వచ్చిందనో అనేవాళ్ళు. కెనడాలో ఫ్రాంక్ స్కోఫీల్డ్ అనే పశువైద్యుడు ఇంకో పని చేశాడు. ఆ పశువులన్నీ స్వీట్ క్లోవర్ అనే ఎండుగడ్డి తింటున్నాయని గమనించాడు. ఒకే గడ్డివామి నుంచి మంచి కాడలు వేరు, పాడైన కాడలు వేరు చేసి కుందేళ్ళకి పెట్టాడు. మంచివి తిన్న కుందేలు బాగానే ఉంది. పాడైనవి తిన్నది రక్తస్రావంతో చనిపోయింది. అంటే దోషం గడ్డిది కాదు, గడ్డికి పట్టిన చెడుది. 1922లో ఈ సంగతి ప్రచురించాడు. ఆ తర్వాత కొన్నేళ్ళకి నార్త్ డకోటాలో లీ రోడరిక్, ఈ పశువుల రక్తంలో ప్రోత్రాంబిన్ అనే గడ్డకట్టే పదార్థం తగ్గిపోతోందని చూపించాడు.

గడ్డి పారేయమని చెప్పడం తేలిక. ఆర్థిక మాంద్యం రోజుల్లో రైతుకి వేరే మేత కొనడానికి డబ్బేదీ? 1933 ఫిబ్రవరిలో ఎడ్ కార్ల్‌సన్ అనే విస్కాన్సిన్ రైతు, మంచు తుఫానులో సుమారు 300 కిలోమీటర్లు ట్రక్కు నడుపుకుంటూ మాడిసన్ నగరానికి వచ్చాడు. ట్రక్కులో చచ్చిన పెయ్య, పాల క్యాను నిండా గడ్డకట్టని రక్తం, దాదాపు 45 కిలోల గడ్డి ఉన్నాయి. ఆరోజు శనివారం. పశువైద్య కార్యాలయం మూసి ఉంది. అటూ ఇటూ తిరిగి విశ్వవిద్యాలయం జీవరసాయన శాస్త్రవేత్త కార్ల్ పాల్ లింక్ తలుపు తట్టాడు. లింక్ దగ్గర కూడా మందు లేదు. ఆ గడ్డి పెట్టడం మానమనీ, వీలైతే మిగతా పశువులకి రక్తం ఎక్కించమనీ చెప్పి పంపించాడు. రైతు ఉత్తచేతులతో తిరిగి వెళ్ళాడు. పాల క్యాను మాత్రం లింక్ దగ్గర మిగిలింది.

ఆ క్యానులోని రక్తం ప్రశ్నకి జవాబు రావడానికి ఆరేళ్ళు పట్టింది. 1939 జూన్‌లో లింక్ శిష్యుడు హెరాల్డ్ క్యాంప్‌బెల్ పాడైన గడ్డిలోంచి ఆ పదార్థాన్ని స్ఫటికాలుగా పట్టాడు. స్వీట్ క్లోవర్‌కి ఆ తీపి వాసన ఇచ్చేది కౌమరిన్. తడి ఆరని గడ్డికి బూజు పట్టినప్పుడు ఆ కౌమరిన్ డైకౌమరాల్‌గా మారుతుంది. రక్తం గడ్డకట్టకుండా చేసేది అదే. 1940లో దాన్ని ప్రయోగశాలలో తయారుచేశారు. 1941 నుంచి మనుషులకి, కాళ్ళలోనూ ఊపిరితిత్తుల్లోనూ రక్తం గడ్డలు కట్టకుండా ఇవ్వడం మొదలుపెట్టారు.

ఈ వరసని గమనించండి. మొదట పశువుల జబ్బు. తర్వాత మనుషుల మందు. ఎలుకలు ఇంకా రంగంలోకి రానేలేదు!

1945లో లింక్‌కి క్షయ వచ్చి శానిటోరియంలో చేరాడు. అక్కడ పడుకుని ఎలుకల నిర్మూలన చరిత్ర చదివాడు. తన ప్రయోగశాలలో తయారైన డైకౌమరాల్ బంధువుల జాబితాలో 42వ నంబరు పదార్థం ఎలుకలకి బాగా పనికొస్తుందని తేల్చాడు. ఎలుక అనుమానపు జీవి. తిన్న వెంటనే బాధ కలిగితే మళ్ళీ ముట్టదు. ఈ మందు మెల్లగా పనిచేస్తుంది కాబట్టి రోజూ తింటుంది, కొన్ని రోజులకి లోపల రక్తస్రావంతో చనిపోతుంది. 1948లో అది బజారుకొచ్చింది. ఖర్చు భరించిన విస్కాన్సిన్ అలమ్నై రీసెర్చ్ ఫౌండేషన్ పేరులోని మొదటి అక్షరాలకి, కౌమరిన్ తోక తగిలించి వార్‌ఫరిన్ అన్నారు.

దీన్ని మనుషులకి ఇవ్వడానికి డాక్టర్లు జంకారు. 1951లో అమెరికా సైన్యంలో కొత్తగా చేరిన ఒక యువకుడు చనిపోదామని ఈ ఎలుకల మందు కొన్నాళ్ళపాటు తిన్నాడు. ఆస్పత్రిలో రక్తం ఎక్కించి, కె విటమిన్ ఇస్తే పూర్తిగా కోలుకున్నాడు. ఈ మందుకి విరుగుడు ఉందని తేలింది. మనుషుల్లో పరీక్షలు సాగాయి. 1954లో వార్‌ఫరిన్‌కి అనుమతి వచ్చింది. 1955లో గుండెపోటు వచ్చిన అమెరికా అధ్యక్షుడు ఐజన్‌హోవర్‌కి కూడా ఇదే ఇచ్చారు.

విరుగుడు ఎట్లా పనిచేసింది? దానికి ఇంకో కథ ఉంది. డెన్మార్క్‌లో హెన్రిక్ డామ్ కోడిపిల్లలకి కొవ్వు లేని మేత పెట్టి చూస్తే వాటికి రక్తస్రావం అయింది. లోపించిన పదార్థానికి 1935లో కె విటమిన్ అని పేరు పెట్టాడు. గడ్డకట్టడం అనే అర్థంలో వాళ్ళు రాసే 'కోయాగ్యులేషన్' కె అక్షరంతో మొదలవుతుంది మరి. గడ్డకట్టే పదార్థాల్లో కొన్నిటిని తయారుచేయడానికి కాలేయానికి ఈ విటమిన్ కావాలి. ఒకసారి వాడిన విటమిన్‌ని శరీరం మళ్ళీ వాడుకునేట్టు చేసే ఎంజైమును వార్‌ఫరిన్ అడ్డుకుంటుంది. కాబట్టి "రక్తాన్ని పలచన చేసే మాత్ర" అనే మాటే తప్పు. రక్తం నీళ్ళవదు, గడ్డకట్టడం ఆలస్యమవుతుంది, అంతే. ఆకుకూరల్లో కె విటమిన్ ఎక్కువ. తోటకూర, గోంగూర జన్మలో ముట్టకూడదని కాదు. ఒక వారం రోజూ తిని, ఇంకో వారం పూర్తిగా మానేస్తే మందు లెక్క తప్పుతుంది. ఇంచుమించు ఒకే మోతాదులో తినాలి.

ఇక గుండె వణుకు సంగతి. పై గది సరిగ్గా ముడుచుకోకపోతే అక్కడ రక్తం నిలవ ఉండి గడ్డకడుతుంది. ఆ గడ్డ కదిలి మెదడుకి పోతే పక్షవాతం. అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ ఊరి జనాన్ని ఏళ్ళ తరబడి గమనించి 1978లో లెక్క చెప్పారు. ఈ వణుకు ఉన్నవాళ్ళకి పక్షవాతం ప్రమాదం ఐదు రెట్లకు పైగా ఉంది. రుమాటిక్ జబ్బు కూడా ఉంటే 17 రెట్లు. 1989లో డెన్మార్క్‌లోనూ, ఆ తర్వాత అమెరికాలోనూ, రోగుల్ని గుంపులుగా చేసి వార్‌ఫరిన్‌ని పరీక్షించారు. అలాంటి పరీక్షలన్నీ కలిపి 2007లో చూస్తే, వార్‌ఫరిన్ పక్షవాతాన్ని 64 శాతం, ఆస్పిరిన్ లాంటివి 22 శాతం తగ్గించాయి.

ఇది ప్రమాదం లేని మందని నేను అనడం లేదు. ఎక్కువైతే మెదడులో, పొట్టలో రక్తస్రావం అవుతుంది. తక్కువైతే పనిచేయదు. ఆ రక్తపరీక్ష అందుకే. 1935లో ఆర్మండ్ క్విక్ ఈ పరీక్ష కనిపెట్టాడు. కాని ఒక లాబొరేటరీ అంకె ఇంకో లాబొరేటరీతో కలిసేది కాదు. 1983లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అన్నిచోట్లా ఒకే లెక్క ఉండేట్టు ఐఎన్ఆర్ పద్ధతి పెట్టింది. మందు వాడని మనిషికి అది 1 దగ్గర ఉంటుంది. ఈ జబ్బుకి సాధారణంగా 2కీ 3కీ మధ్య ఉంచుతారు. మా అమ్మ నెలనెలా బస్సెక్కింది ఈ అంకె కోసం. దాన్ని నేను డబ్బు గుంజే ఎత్తు అనుకున్నాను.

2010 తర్వాత డాబిగాట్రాన్, రివరాక్సబాన్, అపిక్సబాన్ లాంటి కొత్త మందులొచ్చాయి. నెలనెలా ఐఎన్ఆర్ అక్కర్లేదు. చాలామందికి ఇప్పుడు ఇవే మొదట రాస్తున్నారు. మరి పాతది పారేయొచ్చా? కొత్త మందుల పెద్ద పరీక్షల్లో మా అమ్మలాంటి వాళ్ళు లేరు. ధనిక దేశాల్లో రుమాటిక్ గుండె జబ్బు దాదాపు మాయమైంది. మన దేశంలో, ఆఫ్రికాలో ఉంది. అందుకని 24 దేశాల్లో నాలుగున్నర వేల మంది రుమాటిక్ రోగుల మీద ప్రత్యేకంగా పరీక్ష జరిగింది. సగటు వయసు యాభై, ఎక్కువమంది ఆడవాళ్ళు. ఫలితాల వ్యాసంలో రెండో పేరు ఢిల్లీ ఎయిమ్స్ డాక్టరు గణేశన్ కార్తికేయన్‌ది. 2022లో వచ్చిన ఆ ఫలితాల్లో పాత రకం మందు వాడినవాళ్ళలోనే మరణాలు తక్కువ. రక్తస్రావం కూడా ఎక్కువ కాలేదు. కొత్తదే గొప్పదన్న నమ్మకం కూడా నమ్మకమే. లోహపు కవాటం పెట్టించుకున్నవాళ్ళకి కూడా ఇప్పటికీ పాత మందే.

బాబా ఇచ్చిన విభూతిని "ఋజువేది?" అని అడిగేవాణ్ణి. "ఎలుకల మందు" అనే మాటని మాత్రం ఋజువు అడక్కుండా మింగాను. ఆ మాట అబద్ధం కూడా కాదు. సగం నిజం. మోతాదు, పరీక్ష, విరుగుడు అన్న మిగతా సగం వదిలేస్తే అది మూఢనమ్మకం చేసే పనే చేసింది. అనుమానించడం తప్పు కాదు. స్కోఫీల్డ్ అనుమానించాడు, 1951 దాకా డాక్టర్లూ అనుమానించారు. వాళ్ళు అనుమానాన్ని పరీక్ష దాకా తీసుకెళ్ళారు. నేను ఇంటికి తీసుకెళ్ళాను.

అమ్మ ఆ తర్వాత ఆరేళ్ళు బతికింది. ఎడమచేత్తో తినడం నేర్చుకుంది. మాత్ర మళ్ళీ మొదలుపెట్టాం, 2011లో పోయేదాకా మానలేదు. మాట మాత్రం పూర్తిగా రాలేదు. నన్ను చూసి నవ్వేది, పేరు పలకలేకపోయేది.

మిత్రుడికి ఒక కాగితం మీద ప్రశ్నలు రాసిచ్చాను. ఏ మందు, ఎందుకు? కవాటం ఎట్లా ఉంది? ఐఎన్ఆర్ ఎంతలో ఉండాలి, ఎన్నాళ్ళకి చూడాలి? నొప్పి మాత్రలు, కషాయాలు, వేరే మందులు కలిపి వాడొచ్చా? పన్ను పీకించుకోవాలంటే ఏం చెయ్యాలి? ఒక మాత్ర మర్చిపోతే? జవాబు నచ్చకపోతే ఇంకో డాక్టర్ని అడగమన్నాను, సొంతంగా మాత్రం మానెయ్యొద్దన్నాను. ఆ కాగితం రాయడానికి నాకు ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. 2005లో ఈ ప్రశ్నల్లో ఒక్కటి కూడా నేను ఎవర్నీ అడగలేదు.