పెళ్లితో ముగియని కథ

నిడదవోలు పాత పేరు నిరవద్యపురం. వేంగీ చాళుక్యుల ఒక శాఖ ఇక్కణ్ణుంచి ఏలింది. కాకతీయ గణపతిదేవుడు తన కూతురు రుద్రమను ఆ ఇంటి వీరభద్రుడికే ఇచ్చాడు. ఓరుగల్లుకు తీరాంధ్రంలో పట్టు తెచ్చిన వియ్యమది. ఊరికి ఇది చరిత్ర. కథల నిర్మాణాన్ని చదివేవాళ్లకు మాత్రం ఓ చిక్కుముడి.

1928లో లెనిన్‌గ్రాడ్‌లో వ్లదీమిర్ ప్రాప్ వంద రష్యన్ అద్భుత కథలను విప్పి చూశాడు. పాత్రలు మారతాయి గాని అవి చేసే పనులు మారవనీ, ఆ పనులు 31కి మించవనీ, వాటి వరుస తప్పదనీ తేల్చాడు. ఆఖరిది పెళ్లి; సింహాసనం దాని వెంటే వస్తుంది. అదే ఏడు అమెరికా పండితుడు స్టిత్ థాంప్సన్, ఫిన్లాండు పండితుడు ఆర్నె చేసిన కథల పట్టికను పెంచి అచ్చు వేయించాడు. తర్వాత 1932–36 మధ్య ఆయనే తెచ్చిన కథాంశాల సూచికలో మగవేషం వేసిన స్త్రీకి కె 1837 అన్న అంకె దక్కింది. ‘కె’ మోసాల విభాగం.

ప్రాప్ పుస్తకం ఇంగ్లీషులోకి వచ్చిన 1958లోనే మనకు బిరుదురాజు రామరాజు ‘తెలుగు జానపదగేయ సాహిత్యము’ అచ్చయింది. తెలుగు పరిశోధన ముందు పాటను పట్టుకుంది. కథకు వంతు ఆలస్యంగా వచ్చింది.

రుద్రమ జీవితాన్ని ప్రాప్, థాంప్సన్‌ల కొలతలతో కొలిస్తే ఎక్కడ పొసగదో చూడాలి. మగపిల్లవాడిగా పెరిగిన రాకుమారి కథను బాపిరాజు నవల ‘గోన గన్నారెడ్డి’ నుంచి 2015 నాటి సినిమా దాకా చెప్పుకుంటూనే ఉన్నాం. అలాంటి కథలో వేషం బయటపడాలి, ఆపైన పెళ్లి జరగాలి. శాసనాల్లో వరుస తలకిందులు. పెళ్లి ముందే అయిపోయింది; గద్దె 1262 ప్రాంతంలో వచ్చింది; పాలనలోకి వచ్చాకే ‘రుద్రదేవ మహారాజు’ అన్న మగ పేరు శాసనాలకెక్కింది. అది ఎవరినీ ఏమార్చడానికి కాదు, పదవికి తగ్గ బిరుదు అనే నాకు తోస్తుంది. థాంప్సన్ పెట్టిన గడి ఇక్కడ ఇరుకు.

మార్కోపోలో కూడా తనకు తెలిసిన మూసలోనే విన్నాడు. ఆమెను చనిపోయిన రాజు భార్యగా, భర్త రాజ్యాన్ని కాచిన వితంతువుగా రాశాడు. నిజానికి రాజ్యం తండ్రిది. వీరభద్రుడు ఓరుగల్లుకు రాజు కాలేదు.

చందుపట్ల శాసనాన్ని బట్టి రుద్రమ 1289లో మరణించింది. గద్దె కూతురు ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుడికి దక్కింది. ప్రాప్ లెక్కగట్టిన ఏడు రకాల పాత్రల్లో మనవడు లేడు.