తాళంచెవి కన్నా పెద్దది బటన్

మనామాలో కొత్త కారు కొన్నవారు స్టార్ట్ బటన్‌ను ఆధునిక సౌకర్యమనుకుంటారు. నిజానికి అది పాత పద్ధతే. తొలినాళ్ళలో కారు ముందు నిలబడి ఇనుప హ్యాండిల్ తిప్పేవారు. అది ఎదురు తిరిగి కొడితే మణికట్టు దగ్గర రేడియస్ ఎముక విరిగేది. మా వైద్యులు నేటికీ దాన్ని షోఫర్ ఫ్రాక్చర్ అనే అంటారు. 1912 నాటి కాడిలాక్‌లో చార్లెస్ కెట్టరింగ్ అమర్చిన విద్యుత్ స్టార్టర్ ఆ బెడద తప్పించింది. ఆ తరువాత చాలాకాలం తాళంచెవి కరెంటును కలిపేది మాత్రమే. స్టార్టర్ బటన్‌ను వేలితోనో కాలితోనో విడిగా నొక్కాలి. 1949లో క్రైస్లర్ ఈ రెండు పనులూ తాళంచెవికే అప్పగించింది.

తాళంచెవి చేతికొచ్చిందంటే ఇంజన్ ఆగినట్టే. అది జేబులోనే ఉండిపోయే నేటి కార్లలో ఆ గుర్తు పోయింది. అమెరికాలో ఇంటినానుకొన్న గ్యారేజీలో ఇంజన్ ఆపడం మరచి, కార్బన్ మోనాక్సైడ్‌తో మరణించినవారున్నారు. విరిగిన మణికట్టు వెంటనే నొప్పెడుతుంది. ఈ వాయువుకు వాసన కూడా లేదు. ఇక్కడి వేసవిలో ఏసీ కోసం ఇంజన్‌ను ముందే నడిపించి ఉంచడం మామూలే. ఆరుబయట సరే, మూసిన గ్యారేజీలో కాదు.