కీల్ నగరంలో ముప్పై ఒక్క జల్లులు

జర్మనీ అనగానే మనవాళ్ళకు కార్లూ, ఫుట్‌బాలూ, కాస్త పెద్దవాళ్ళకైతే మాక్స్ ముల్లరూ గుర్తుకొస్తారు. నక్షత్రాల నుంచి వచ్చే గామా కిరణాల వేటలో ఈ దేశానికున్న చరిత్రను తలుచుకునేవారు తక్కువ. ఆ చరిత్రలో నన్ను బాగా ఆకట్టుకున్నది మాత్రం చివరికి నిలవని ఒక ఫలితం.

1912 ఆగస్టు 7న ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు విక్టర్ హెస్ బెలూనెక్కి అయిదు కిలోమీటర్లకు పైగా లేచి, బెర్లిన్‌కు దాపులనున్న పీస్కో దగ్గర దిగాడు. పైకి పోయినకొద్దీ రేడియేషన్ పెరుగుతోందని తేల్చాడు. అలా బయటపడ్డవే విశ్వకిరణాలు. వాటి పుట్టిల్లు ఎక్కడ? అవి విద్యుదావేశమున్న కణాలు కావడంతో, దారిలోని అయస్కాంత క్షేత్రాలు వాటిని వంకరలు తిప్పేస్తాయి. గామా కిరణాలకు ఆ బెడద లేదు, తిన్నగా వస్తాయి. కనుక మహాశక్తివంతమైన గామా కిరణాలు ఎక్కడినుంచి వస్తున్నాయో పట్టుకుంటే విశ్వకిరణాల జాడ కూడా దొరుకుతుందని ఆశ.

1983లో కీల్ విశ్వవిద్యాలయానికి చెందిన సమోర్‌స్కీ, ష్టామ్ అనే ఇద్దరు ఆ జాడ దొరికిందన్నారు. హంస మండలంలోని సిగ్నస్ ఎక్స్-3 ఒక జంటతార, దాని పరిభ్రమణ కాలం 4.8 గంటలు. 1976-80 నడుమ తమ పరికరాల మీద పడ్డ కణాల జల్లుల్లో, ఆ జంటతార దిశ నుంచి వచ్చినవి సుమారు 14 ఉండవలసిన చోట 31 ఉన్నాయని వారి లెక్క. ఒక్కొక్కదాని శక్తి మామూలు వెలుగు కణానికి సుమారు వెయ్యి లక్షల కోట్ల రెట్లు! ఇంగ్లండులో లీడ్స్ వారు కూడా అవునన్నారు. అయితే ఒక చిక్కు. గామా కిరణం తెచ్చే జల్లులో మ్యూయాన్ కణాలు బాగా తక్కువగా ఉండాలి. కీల్ జల్లుల్లో అవి మామూలుగానే ఉన్నాయి.

అయినా ఉత్సాహం ఆగలేదు. 1986లో టాటా ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన పి.వి. రమణమూర్తి గారు వుల్ఫెండేల్‌తో కలిసి రాసిన ‘గామా రే ఆస్ట్రానమీ’ కేంబ్రిడ్జి నుంచి వెలువడింది. నోబెల్ గ్రహీత జేమ్స్ క్రోనిన్ అమెరికాలోని యూటా ఎడారిలో 1089 డిటెక్టర్లు పరిచాడు. ఏళ్ళ తరబడి చూశారు. సిగ్నస్ ఎక్స్-3 నుంచి ఏమీ రాలేదు.

కీల్ వారిని తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. నిజమో కాదో తేల్చుకోవాలన్న పట్టుదలే ఈ రంగాన్ని నిలబెట్టింది. కీల్ బృందమే లా పాల్మా దీవిలో ‘హెగ్రా’కు పునాది వేసింది. 1989లో అరిజోనాలో ట్రెవర్ వీక్స్ బృందం, 1054లో పేలిన తార తాలూకు పీత నీహారిక నుంచి గామా కిరణాలను సందేహానికి తావులేకుండా పట్టుకుంది. గామా కిరణం గాలిని తాకినప్పుడు రెప్పపాటులో కోట్లవంతు సేపు మెరిసే నీలి వెలుగును అద్దాలతో ఫొటో తీయడం వారి పద్ధతి. అదే మెరుపును నాలుగైదు టెలిస్కోపులతో వేర్వేరు కోణాల నుంచి చూడడం హెగ్రా నేర్పిన విద్య.

ఆ విద్యతోనే హైడల్‌బర్గ్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థ ముందుండి, హెస్ పేరు గుర్తుకొచ్చేలా ‘హెచ్.ఇ.ఎస్.ఎస్.’ను నమీబియా పీఠభూమిలో కట్టింది. 2003 చివరికి నాలుగు టెలిస్కోపులూ సిద్ధమయ్యాయి. ఇక జంటతారలు వరుసగా దొరికాయి. 2004లో పల్సార్ బి1259-63, 2005లో ఎల్.ఎస్. 5039. ఈ రెండోది 3.9 రోజులకొకసారి ప్రకాశం మార్చుకుంటుందని మరుసటేడు తేలింది. పెద్ద తార వెలుగు గుండా రావలసి వచ్చినప్పుడు గామా కిరణాలు కొన్ని ఎలక్ట్రాన్, పాజిట్రాన్ జంటలుగా మారి దారిలోనే అంతమవుతాయి. కీల్ వారు వెదికిన గడియారం ఇలాంటిదే. ఈసారి సందేహం లేదు.

మన హైదరాబాదు ఇ.సి.ఐ.ఎల్. కూడా ఈ కథలో ఉంది. భాభా అణు పరిశోధనా కేంద్రంతో కలిసి అది నిర్మించిన 21 మీటర్ల ‘మేస్’ టెలిస్కోపును లడఖ్‌లోని హాన్లేలో 2024 అక్టోబరులో ప్రారంభించారు.

అన్నట్టు, 2009లో ఫెర్మి, ఎజైల్ ఉపగ్రహాలు సిగ్నస్ ఎక్స్-3 నుంచి గామా కిరణాలను చూశాయి. కీల్ వారు చెప్పిన శక్తికన్నా ఎంతో తక్కువ శక్తిలో, అదే 4.8 గంటల లయతో.