తప్పు మనిషిదా, సూత్రానిదా?

ఒక పేదవాడికి లాటరీ చీటీ దొరికింది. తగిలితే 20,000 డ్యుకాట్లు, తగలకపోతే సున్నా. రెండింటికీ సమాన అవకాశం. లెక్కప్రకారం చీటీ విలువ 10,000. దాన్ని 9,000కే అమ్ముకుంటే వాడు తెలివితక్కువవాడా? కాడన్నాడు డానియల్ బెర్నూలీ, సెయింట్ పీటర్స్‌బర్గ్ అకాడమీ 1738లో అచ్చువేసిన వ్యాసంలో. ఆ ధరకు కొనకుండా వదులుకునే ధనికుడే తెలివితక్కువవాడట. సంపద పెరిగేకొద్దీ అదనంగా వచ్చే నాణెం విలువ తగ్గుతుందన్నది అతని సమాధానం. మనిషిని తప్పుపట్టకుండా లెక్కనే మార్చాడన్నమాట.

రెండు శతాబ్దాల తర్వాత వరస తిరగబడింది. 1944లో ఫాన్ నాయ్‌మన్, మోర్గెన్‌స్టెర్న్ ఆ ఆలోచనకు గణిత సూత్రాల పునాది వేశాక, సూత్రానికి లొంగని ఎంపిక అహేతుకమనడం మొదలైంది.

దీన్ని ఫ్రెంచి ఆర్థికవేత్త మోరిస్ అలే ఒప్పుకోలేదు. 1953లో ఆయన ప్రకటించిన చిక్కుప్రశ్న ఇది. ఖాయంగా 10 కోట్ల ఫ్రాంకులు కావాలా? లేక 10 శాతం అవకాశంతో 50 కోట్లు, 89 శాతంతో 10 కోట్లు, మిగిలిన 1 శాతంలో ఏమీ రాని పందెమా? చాలామంది ఖాయమైనదే పట్టుకుంటారు. సరే, 11 శాతం అవకాశంతో 10 కోట్లా, 10 శాతంతో 50 కోట్లా? ఈసారి వాళ్లే 50 కోట్లవైపు మొగ్గుతారు. రెండు ప్రశ్నల్లోనూ ఉమ్మడిగా ఉన్న 89 శాతాన్ని తీసేస్తే మిగిలే బేరం ఒకటే. కాబట్టి సూత్రం ప్రకారం ఈ రెండు ఇష్టాలకూ పొత్తు కుదరదు.

సిద్ధాంతానికి పెద్దదిక్కైన లెనర్డ్ సావేజ్ కూడా మొదట అందరిలాగే ఎంచుకున్నాడు. తర్వాత పందాన్ని 100 చీటీలుగా విడదీసి చూసుకుని, తన ఇష్టాన్నే దిద్దుకున్నానని 1954 నాటి పుస్తకంలో రాశాడు. నిజాయితీ మెచ్చుకోదగ్గదే గానీ, నాకిందులో సూత్రభక్తి పాలు ఎక్కువ కనిపిస్తుంది. ఖాయంగా చేతికందేదాన్ని కాలదన్ని పోగొట్టుకున్నవాడి బాధా, ఎటూ రాకపోవచ్చనుకున్నది రానివాడి బాధా ఒకటెలా అవుతాయి?

1961లో డానియల్ ఎల్స్‌బర్గ్ మరో దెబ్బ తీశాడు. పాత్రలో 90 బంతులు. 30 ఎరుపు, మిగిలిన 60లో నలుపెన్నో పసుపెన్నో తెలియదు. జనం తెలిసిన సంఖ్యమీదే పందెం కాస్తారు, సూత్రం ఒప్పుకోకపోయినా సరే. ఆ జాగ్రత్తకూ 1989లో గిల్బోవా, ష్మైడ్లర్ గణితరూపం ఇచ్చారు.

అలాగని ప్రతి వింత ఎంపికకూ సమర్థన దొరకదు. 1981లో ట్వర్‌స్కీ, కానెమాన్ 600 మందికి ప్రాణాపాయం తెచ్చే వ్యాధి గురించి అడిగారు. ఒకే పథకాన్ని ‘200 మంది బతుకుతారు’ అంటే 72 శాతం ఎంచుకున్నారు; ‘400 మంది చనిపోతారు’ అంటే 22 శాతమే. ఇక్కడ మారింది మాటే తప్ప ఫలితం కాదు. ఇది పొరపాటే.

అలే తరహా ఎంపిక మాత్రం పొరపాటు కాదు. నష్టభయానికి ఎంత తూకమివ్వాలో తేల్చుకునే హక్కు హేతుబద్ధమైన మనిషికి ఉందని లారా బుచాక్ 2013లో ఒక పుస్తకమే రాసి వాదించారు. ఈ తగవులో నా ఓటు ఆమెకే.