ఒకే ఇల్లాలు, ఏడు భాషలు: ‘శ్రీమయీ’ నుంచి ‘అనుపమ’ దాకా

పాతికేళ్లు కాపురం చేసిన భర్త ఆఫీసులో మరో స్త్రీతో ప్రేమలో ఉన్నాడని తెలిస్తే ఇల్లాలు ఏం చేయాలి? మన సీరియళ్లు చాలాకాలం ఒకే జవాబు చెప్పాయి: ఓపిక పట్టాలి, వ్రతాలు చేయాలి, ఆయన తిరిగొచ్చేదాకా దీపం ఆరకుండా చూసుకోవాలి. ఈ జవాబును కొంతవరకైనా మార్చిన కథ ఒకటి 2019 నుంచి దేశంలోని సగం టీవీ తెరల మీద తిరుగుతోంది. దాన్ని మెచ్చేవారు ఎందరో, విసుక్కునేవారూ అందరే.

కథ ఎక్కడ పుట్టింది?

2019లో బెంగాలీ ఛానల్ స్టార్ జల్సాలో మొదలైన ‘శ్రీమయీ’ దీనికి మూలం. రచయిత్రి లీనా గంగోపాధ్యాయ్. ఇంద్రాణీ హల్దార్ ప్రధాన పాత్ర పోషించారు. చదువు తక్కువని పిల్లలు, పనికిరానిదని భర్త చులకన చేసే మధ్యవయసు గృహిణి తన కాళ్ల మీద తాను నిలబడటమే కథ. భర్త ప్రియురాలు ‘జూన్ ఆంటీ’ సోషల్ మీడియాలో మీమ్‌గా మారి, సీరియల్ చూడనివారికీ తెలిసిపోయింది.

ఆ గుంపు ఛానళ్లన్నీ ఈ కథను పంచుకున్నాయి:

- మరాఠీ: ‘ఆయీ కుఠే కాయ్ కరతే’, స్టార్ ప్రవాహ్. నాయిక అరుంధతి.
- కన్నడ: ‘ఇంతి నిమ్మ ఆశా’, స్టార్ సువర్ణ.
- మలయాళం: ‘కుడుంబవిళక్కు’, ఏషియానెట్. నాయిక సుమిత్ర.
- తెలుగు: ‘ఇంటింటి గృహలక్ష్మి’, స్టార్ మా. తులసిగా కస్తూరి.
- హిందీ: ‘అనుపమ’, స్టార్ ప్లస్. 2020 జూలైలో మొదలైంది. నాయిక రూపాలీ గంగూలీ.
- తమిళం: ‘బాక్యలక్ష్మి’, స్టార్ విజయ్. 2020 జూలైలోనే మొదలైంది.

పేర్లలోనే తేడా కనిపిస్తుంది. మరాఠీ శీర్షికకు ‘అమ్మ ఏం చేస్తుంది గనక’ అని అర్థం. అది ఇంట్లోవాళ్ల చులకనను ఎత్తిచూపే ప్రశ్న. తెలుగు, తమిళ శీర్షికలు నాయికను లక్ష్మిని చేశాయి. మలయాళం ఆమెను ఇంటి దీపం అంది. ఏ భాష ప్రేక్షకులను ఎంత మెల్లగా ఒప్పించాలనుకున్నారో ఈ పేర్లే చెబుతాయి.

దారులు చీలింది ఎక్కడ?

భర్త గుట్టు బయటపడటం, విడాకులు, అతను ప్రియురాలిని పెళ్లాడటం. ఇంతవరకు అన్ని భాషల్లోనూ కథ దాదాపు ఒకటే. నాయిక మళ్లీ పెళ్లి చేసుకోవచ్చా అన్న దగ్గర దారి మారింది. బెంగాలీలో రోహిత్ సేన్, మరాఠీలో ఆశుతోష్ ఆమె జీవితంలోకి భర్తలుగానే వచ్చారు. హిందీలో అనూజ్ కపాడియాతో అనుపమ పెళ్లి 2022 మే నెలలో వారాలపాటు సాగింది. ఎదిగిన పిల్లలున్న స్త్రీ పెళ్లికూతురు కావడం ప్రైమ్ టైమ్‌లో అరుదైన దృశ్యం. తెలుగులో సామ్రాట్, తమిళంలో పళనిసామి పాత్రలు స్నేహం హద్దు దాటలేదు. భర్తకు రెండో పెళ్లిని ఒప్పుకున్న కథ, భార్య దగ్గరకొచ్చేసరికి తెలుగు, తమిళాల్లో తడబడిందని విమర్శకులు అన్నది ఇందుకే. స్త్రీకి మళ్లీ మగతోడు చూపకపోవడమే స్వేచ్ఛ కదా అని వాదించినవారూ ఉన్నారు. అయితే మాజీ భర్త, అతని తల్లిదండ్రులు నాయిక చుట్టూనే తిరుగుతున్నంతకాలం ఆ వాదనకు బలం చాలదు.

మంచి కథ ఎందుకు సాగిపోతుంది?

నవలకు ముగింపు ఉంటుంది, డైలీ సీరియల్‌కు టీఆర్పీ ఉంటుంది. ప్రతి గురువారం వచ్చే రేటింగులు బాగున్నంతకాలం కథ ఆగదు. నాయిక గెలిస్తే కథ అయిపోతుంది కాబట్టి, గెలిచిన ప్రతిసారీ ఆమెను మళ్లీ ఓడించాలి. అనుపమకు నృత్య పాఠశాల వచ్చింది, ప్రేమించే భర్త వచ్చాడు, అమెరికా ప్రయాణమూ వచ్చింది. అయినా పాత అత్తింటి గొడవలు ఆమెను వెనక్కి లాగుతూనే ఉన్నాయి. 2024 అక్టోబర్‌లో కథ 15 ఏళ్లు ముందుకు దూకాక అనూజ్ తెర మీద లేడు. బయటికి నడిచిన స్త్రీ కథగా మొదలైంది, అందరినీ క్షమించే తల్లి కథగా మారిందన్న ఫిర్యాదుకు మూలం ఇక్కడే ఉంది.

తెర బయట లెక్క

ఈ కథ అంతమందిని పట్టుకోవడానికి కారణం మెలోడ్రామా ఒక్కటే కాదు. 2019 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపనిలో పాల్గొనే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తే, పురుషులు 97 నిమిషాలే వెచ్చిస్తున్నారు. 2021 జనవరిలో ఒక రోడ్డు ప్రమాద పరిహారం కేసులో సుప్రీంకోర్టు గృహిణి శ్రమకూ ఆదాయం లెక్కకట్టాలని చెప్పింది. ఆ తీర్పులో జస్టిస్ ఎన్.వి. రమణ ఈ సర్వేను ప్రస్తావించారు. కోర్టు చెప్పిందీ, ఈ నాయికలు వంటగదిలో నిలబడి అడిగిందీ ఒకటే: ఈ పనికి విలువ లేదా?

సీరియల్ తగినంత చెప్పనిది చట్టం సంగతి. హిందూ వివాహ చట్టంలోని 13-బి సెక్షన్ ప్రకారం పరస్పర అంగీకారంతో విడాకులకు ఏడాది విడిగా ఉండి ఉండాలి. ఆపై ఆరు నెలల గడువు ఉంటుంది. తగిన కేసుల్లో ఈ గడువును కోర్టు మాఫీ చేయవచ్చని 2017లో సుప్రీంకోర్టు తేల్చింది. 25వ సెక్షన్ శాశ్వత భరణానికి వీలిస్తుంది. విడాకుల సన్నివేశాల్లో కన్నీళ్లకు దక్కిన నిడివి భరణానికి దక్కలేదు. భర్త డబ్బు వద్దనడం తెర మీద ఆత్మగౌరవంగా కనిపించవచ్చు. కానీ పాతికేళ్ల చాకిరీ తర్వాత భరణం అడగడం హక్కేగానీ యాచన కాదు.

అయినా, నలభై దాటిన స్త్రీని కథకు మధ్యలో నిలబెట్టి, విడాకులు తీసుకున్నావిడ చెడ్డది కాదని అత్తాకోడళ్లు పక్కపక్కన కూర్చుని చూసేలా చేసింది ఈ కథే. ఆ మాటను సాగదీయకుండా చెప్పే సీరియల్ ఇంకా రావాల్సి ఉంది.